పాముల గుంతలో పుట్టిన పాటలు

అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో వెస్ట్ గ్రాండ్ బౌలెవార్డ్ మీద 2648 నంబరు ఇల్లు చూడ్డానికి మామూలు రెండంతస్తుల ఇల్లే. ఒకప్పుడు అందులో ఫొటో స్టూడియో ఉండేది. 1959లో బెర్రీ గార్డీ ఆ ఇల్లు కొని, వెనకవైపు గదిని రికార్డింగ్ స్టూడియోగా మార్చి, ముందు గోడమీద ‘హిట్స్‌విల్ యు.ఎస్.ఎ.’ అని పెద్దక్షరాలతో బోర్డు పెట్టించాడు. 1960ల్లో ప్రపంచమంతా పాడుకున్న, అతని కంపెనీ మోటౌన్ పాటల్లో చాలావరకు ఆ గదిలోనే రికార్డయ్యాయి. సుప్రీమ్స్, టెంప్టేషన్స్, ఫోర్ టాప్స్, మార్విన్ గే, స్టీవీ వండర్ పేర్లు ఇంటింటికీ తెలిశాయి. వాళ్ల వెనక వాయించినవాళ్లెవరో మాత్రం దశాబ్దాలపాటు ఎవరికీ తెలియదు.

గార్డీ ఒకప్పటి బాక్సర్. జాజ్ రికార్డుల కొట్టు పెట్టి చేతులు కాల్చుకున్నాడు. తర్వాత లింకన్-మెర్క్యురీ కార్ల ఫ్యాక్టరీలో కొలువు చేశాడు. అక్కడ ఉత్తి ఇనప చట్రం ఒక కొసన లోపలికెళ్లి, మెరిసే కారై ఇంకో కొసన బయటికి రావడం రోజూ చూసేవాడు. పాటనూ అలాగే తయారు చేయవచ్చనుకున్నాడు. ఇంట్లోవాళ్లంతా కలిసి దాచుకున్న నిధి నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని 1959 జనవరిలో కంపెనీ మొదలెట్టాడు. రాసేవాళ్లు, పాడేవాళ్లు, నడకా నాట్యమూ నేర్పేవాళ్లు, శుక్రవారం పూట కూర్చుని ఏ పాట విడుదల చేయాలో తేల్చేవాళ్లు... ఎవరి పని వాళ్లది. 1961 డిసెంబరులో మార్వెలెట్స్ పాడిన ‘ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్’ అమెరికా పాప్ పట్టికలో మొదటి స్థానానికెక్కింది. మోటౌన్‌కు అదే మొదటిసారి. రెండేళ్లు తిరక్కుండానే లివర్‌పూల్ కుర్రాళ్లు బీటిల్స్ తమ రెండో ఆల్బమ్‌లో ఆ పాటతో కలిపి మూడు మోటౌన్ పాటలు పాడుకున్నారు.

ఈ ఫ్యాక్టరీకి ఇంజను లాంటివాళ్లు వాద్యకారులు. తమను తాము ‘ఫంక్ బ్రదర్స్’ అనుకునేవారు. చాలామంది రాత్రిపూట డెట్రాయిట్ క్లబ్బుల్లో జాజ్ వాయించేవాళ్లే. పియానో మీద ఎర్ల్ వాన్ డైక్, డ్రమ్స్ మీద బెన్నీ బెంజమిన్, గిటార్ల మీద రాబర్ట్ వైట్, ఎడ్డీ విల్లిస్, జో మెస్సీనా, టాంబరీన్ పట్టుకుని జాక్ యాష్‌ఫర్డ్. స్టూడియో పైకప్పు నుంచి మైకుల వైర్లు కిందికి వేలాడుతూ ఉండేవి. అందుకే ఆ గదికి ‘పాముల గుంత’ అని పేరు పెట్టారు. గది ఇరుకు. గిటార్లకు ఆంప్లిఫయర్లు పెడితే ఒకరి శబ్దం ఇంకొకరి మైకులో పడుతుంది. అందుకని గిటార్లనూ బేస్‌నూ నేరుగా కంట్రోల్ రూమ్ బల్లకే కలిపేవారు. గొంతుకు ప్రతిధ్వని కావాలంటే ఇంటి అటక పనికొచ్చేది. పాటను అటకలోకి స్పీకర్‌తో పంపి, అక్కడ పెట్టిన మైకుతో మళ్లీ పట్టుకునేవారు. ఇప్పుడా ఇల్లు మ్యూజియం. చూడవచ్చినవాళ్లు ఆ అటక రంధ్రం కింద నిలబడి చప్పట్లు కొట్టి తమ ప్రతిధ్వని తామే వింటారు.

వీళ్లలో జేమ్స్ జేమర్సన్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. దక్షిణ కరోలినాలో 1936లో పుట్టి, 1954లో డెట్రాయిట్ చేరాడు. హైస్కూల్లో నిలువెత్తు బేస్ నేర్చుకున్నాడు. తర్వాత ఫెండర్ ప్రెసిషన్ ఎలక్ట్రిక్ బేస్‌కు మారినా వేళ్ల అలవాటు మారలేదు. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఆ వేలికి తోటివాళ్లు ‘హుక్’ అని పేరు పెట్టారు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదు. మురికి పట్టి, మొద్దుబారిన తీగల్లోనే తన నాదం ఉందని అతని నమ్మకం. అంతకుముందు పాప్ పాటల్లో బేస్ పని తాళానికి దన్నుగా నిలబడడం వరకే. జేమర్సన్ చేతిలో అది పాటతో మాట్లాడింది. గాయకుడు ఊపిరి తీసుకునే చోట తాను అందుకుని, పాట మళ్లీ మొదలయ్యేసరికి పక్కకు తప్పుకునేది. బీటిల్స్‌లో బేస్ వాయించిన పాల్ మెకార్ట్‌నీ తాను ఎవరిని విని నేర్చుకున్నాడో చెప్పినప్పుడు ఇతని పేరు ఎత్తాడు. జేమర్సన్, బెంజమిన్‌లలో ఏ ఒక్కరు లేకపోయినా రికార్డింగు పెట్టుకోవడం గార్డీకే ఇష్టముండేది కాదు.

ఇంత చేసినా రికార్డు మీద పేరుండేది కాదు. మొదట్లో ఇచ్చిన కూలి సంగీతకారుల యూనియన్ రేటుకన్నా తక్కువ. తర్వాత జీతాలు పెరిగాయి, కొందరికి బాగానే ముట్టింది. పాటల అమ్మకాల్లో మాత్రం వాటా లేదు. వాయిస్తున్న బాణీ ఎవరు పాడబోతున్నారో కూడా చాలాసార్లు తెలిసేది కాదు. బయట వాయించడానికి వీల్లేదని కంపెనీ ఆంక్ష పెట్టింది, దొరికితే జరిమానా. అయినా దొంగచాటుగా వెళ్లేవారు. 1967లో జాకీ విల్సన్ ‘హయ్యర్ అండ్ హయ్యర్’ షికాగోలో రికార్డు చేస్తే, అందులో వినబడేది డెట్రాయిట్ నుంచి కారెక్కి వెళ్లిన ఈ మోటౌన్ వాద్యకారులే.

1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బమ్ అట్ట మీద వాద్యకారుల పేర్లన్నీ అచ్చు వేయించాడు. మోటౌన్‌లో అంతకుముందు అలా జరగలేదు. జేమర్సన్ పేరుకు ముందు ‘సాటిలేని’ అన్న మాట కూడా చేర్చారు. ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట వాయించిన రాత్రి అతను బాగా తాగి ఉన్నాడని, స్టూలు మీద కూర్చోలేక నేలమీద వెల్లకిలా పడుకుని వాయించాడని అంటారు. ఇంటికొచ్చి, ఇవాళ ఒక గొప్ప పాటకు వాయించానని చెప్పాడట. ఆ సంగతి అతని భార్య తర్వాత గుర్తుచేసుకుంది.

మరుసటి ఏడాదే, 1972లో, కంపెనీ లాస్ ఏంజెలిస్‌కు తరలిపోయింది. ఒకరోజు పనికొచ్చిన వాద్యకారులకు స్టూడియో తలుపుకు అంటించిన కాగితం కనబడింది: ఇవాళ రికార్డింగు లేదు. పన్నెండేళ్లకు పైగా తమ చేతుల మీద నడిచిన సంస్థ వెళ్లిపోతోందని వాళ్లకు తెలిసిన పద్ధతి అదీ. ఏ లెక్కన చూసినా అది అన్యాయం. జేమర్సన్ లాస్ ఏంజెలిస్ వెళ్లాడు గానీ అక్కడ నిలదొక్కుకోలేకపోయాడు. తాగుడు ముదిరింది. 1983 మార్చిలో మోటౌన్ పాతికేళ్ల ఉత్సవం పసడీనాలో ఘనంగా జరిగింది. మైకేల్ జాక్సన్ తొలిసారి టీవీ ప్రేక్షకులకు మూన్‌వాక్ చూపించింది ఆ వేదిక మీదే. జేమర్సన్‌కు ఆహ్వానం లేదు. టికెట్ కొనుక్కుని, వెనక వరసల్లో కూర్చుని చూశాడు. అదే ఏడాది ఆగస్టు 2న 47 ఏళ్లకే చనిపోయాడు. అంతకు కొన్నాళ్ల ముందే అతని బేస్ గిటార్ దొంగలపాలైంది.

టెంప్టేషన్స్ పాడిన ‘మై గర్ల్’ పాట మొదట్లో వచ్చే గిటార్ స్వరం రాబర్ట్ వైట్‌ది. చాలా ఏళ్ల తర్వాత ఒక రెస్టారెంట్‌లో భోంచేస్తుంటే ఆ పాట మొదలైంది. ఆర్డర్ తీసుకుంటున్న కుర్రాడితో ‘ఇది వాయించింది నేనే’ అనబోయి, ఆగిపోయి, తినడానికేదో చెప్పి ఊరుకున్నాడు. ఏమైందని పక్కనున్న స్నేహితుడు అడిగితే, ఈ ముసలాడు కోతలు కోస్తున్నాడనుకుంటాడని అన్నాడు. వైట్ 1994లో పోయాడు.

గిటారిస్టు ఆలన్ స్లట్స్కీ 1989లో జేమర్సన్ మీద పుస్తకం రాశాడు. దాని ఆధారంగా 2002లో ‘స్టాండింగ్ ఇన్ ద షాడోస్ ఆఫ్ మోటౌన్’ డాక్యుమెంటరీ వచ్చింది. బతికున్న ఫంక్ బ్రదర్స్‌ను ఒకచోటికి చేర్చి మళ్లీ వాయింపజేశారు. 2004లో గ్రామీ జీవన సాఫల్య పురస్కారం ఇచ్చారు. అప్పటికి జేమర్సన్ పోయి ఇరవై ఏళ్లు దాటింది, బెంజమిన్ పోయి దాదాపు ముప్పై అయిదేళ్లు.

‘మై గర్ల్’ ఇప్పుడు ఏ ఫోన్‌లోనైనా దొరుకుతుంది. ఈసారి విన్నప్పుడు గాయకుడు అందుకునేదాకా ఆగకండి. మొదట వినబడే బేస్ జేమ్స్ జేమర్సన్‌ది, ఆ వెంటనే మెట్లెక్కినట్టు పైకి పోయే గిటార్ రాబర్ట్ వైట్‌ది. పక్కన ఎవరైనా ఉంటే ఆ రెండు పేర్లూ చెప్పండి.