గిడుగువారి చదువు

పర్లాకిమిడి ఆంధ్రులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని వ్యావహారిక భాషోద్యమ నాయకులుగానే తలచుచుందురు. ఆయన తుదివరకు విద్యార్థిగానే యుండిరనుట అంతకంటె గమనింపదగిన విషయము. (ఈ వ్యాసమును గ్రాంథికమున వ్రాసినందుకు ఆయన నన్ను మన్నింపరేమో!)

1863లో శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో జన్మించి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులైరి. ముఖలింగ దేవాలయ శాసనములను స్వయంకృషిచే చదువ నేర్చిరి. పిమ్మట సవర భాషకు పూనుకొనిరి. దానికి అప్పటికి లిపి లేదు, వ్యాకరణ గ్రంథము లేదు. ఆ భాష నెఱిగినవానిని ఇంట నుంచుకొని, విన్నమాటను విన్నట్లు వ్రాసికొనుటయే మార్గమయ్యెను. సవరల కొండలలో తిరుగగా చలిజ్వరము పట్టెను; దానికై మ్రింగిన క్వినైనువలన చెవుడు వచ్చెను. చెవియే గురువైన చదువునకు ఇంతకు మించిన నష్టమేమున్నది? అయినను పని విడువలేదు. సవర వ్యాకరణము 1931లో వెలువడెను.

1936లో ఒడిశా రాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి అందు చేరగా, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరు విడిచి ఆయన రాజమహేంద్రవరము చేరిరి. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యెను. అప్పటి కాయనకు 75 ఏండ్లు.