తుమ్మెద కన్ను

ఎండవేళ పందిరి గుంజను తొలిచి, పొట్టు రాల్చుచు, ఝుమ్మని తిరుగాడు నల్లని తుమ్మెదను చూడని తెలుగువాడు అరుదు. అయినను దాని తలకు ఇరువైపుల నిగనిగలాడు కన్నులలో వేలకొలది చిన్నికన్నులు, తేనెపట్టు గదులవలె, ఒకదానినొకటి ఒరసికొని యున్నవను సంగతి సూక్ష్మదర్శిని పుట్టిన పిదపగాని స్పష్టపడలేదు. 1665లో రాబర్ట్ హుక్ ఒక ఈగ తలను ఆ అద్దము క్రింద నుంచి చిత్రించి, దాని కన్నులలో సుమారు 14,000 కటకములున్నవని లెక్కకట్టెను. పిదప హాలండు దేశీయుడగు లీవెన్‌హుక్ కీటకపు కంటిపొరను ఒలిచి, దానిగుండ క్రొవ్వొత్తి జ్వాలను చూడగా, తలక్రిందులైన చిరుజ్వాలలు అసంఖ్యాకముగ కానవచ్చెను. అట్లయిన కీటకమునకు ఒక్క దీపము వందలుగ తోచునా? ఒక్కొక్క చిన్నికన్ను ఒక్కొక్క వెలుగు చుక్కను మాత్రమే గ్రహించుననియు, చుక్కలన్నియు కూడి ముగ్గైనట్లు, అవి ఒకే చిత్రమగుననియు 1826లో యోహానెస్ ముల్లర్ సమాధానము చెప్పెను.

వియన్నా నగరపు ఎక్స్‌నర్ మిణుగురు కంటిగుండ కిటికీని ఛాయాచిత్రము తీసెను. రేయి తిరుగు పురుగులు పెక్కింటిలో పలు కటకముల వెలుగు ఒక్కచోట కూడి బలపడుననియు, పగటి పురుగులలో నల్లని వర్ణకము చిన్నికన్నులను దేనికదిగ వేరుపరచుననియు 1891లో ఆయన వెలువరించిన గ్రంథము వివరించినది.

ఈ చరిత్రలో నాకు మిక్కిలి మనోహరముగ తోచు ఘట్టము మన దేశముననే జరిగినది. మహారాష్ట్రములోని భీమశంకర అరణ్యమున హేమ సోమనాథన్, ఆల్ముట్ కెల్బర్, ఎరిక్ వారంట్ ప్రభృతులు మూడు తుమ్మెద జాతులను పరిశీలించిరి. ఒకటి కేవలము పగటిది. రెండవది పగటిదే యైనను ఒక్కొక్కప్పుడు మునిమాపున గూడ ఎగురునది. తరంగంబాడి పాతపేరును ధరించిన ట్రాంక్విబారికా యను మూడవది వెన్నెల లేని నడిరేయిని సైతము లెక్కసేయక తిరుగునది. వంశమొక్కటే, కంటి కట్టడమును ఒక్కటే. మిణుగురునకు అబ్బిన రాత్రికన్ను ఈ మూడవదానికి దక్కలేదు. తాతలనాటి పగటికంటితోనే అది చీకటిని గెలిచినది. పాత ఇంటికే కిటికీలు పెంచుకొన్నట్లు, దాని కటకములు విశాలములు, వాని అడుగున వెలుగును పీల్చు దండములు లావైనవి, నడినెత్తిని మూడు సరళనేత్రములు ఉబ్బి మెరయుచుండును.

గూటి వాకిట రంగు గుర్తులు నిలిపి వారు దానిని పరీక్షించిరి. నక్షత్రకాంతి తప్ప మరి వెలుగు లేని వేళ, మనుష్యుని కంటికి రంగులన్నియు బూడిదవన్నెగ మాసిపోవు ఆ చీకటిలో, తుమ్మెద తన గుర్తు రంగును పోల్చుకొని గూడు చేరినది.