ఒకే గోదాలో పోటీ సంస్థల కథానాయకులు: జపాన్ వీడియో గేముల చరిత్రలో ఒక అధ్యాయం

మహాభారతం అరణ్యపర్వంలో సౌగంధిక పుష్పం కోసం గంధమాదన పర్వతానికి బయలుదేరిన భీమసేనుడికి దారికడ్డంగా తోక చాచి పడుకొన్న ఒక వృద్ధ వానరం కనిపిస్తుంది. ఎంత ప్రయత్నించినా ఆ తోకను భీముడు కదల్చలేకపోతాడు. రామాయణంలోని హనుమంతుడు భారత కథలోకి అలా నడిచి రావడానికి ఎవరి అనుమతీ అవసరం కాలేదు. 1972లో తెలుగు చలనచిత్రకారులు ‘శ్రీకృష్ణాంజనేయ యుద్ధం’ తీసినప్పుడూ హక్కుల ప్రశ్న తలెత్తలేదు. పురాణ పాత్రలు జాతి మొత్తానికి ఉమ్మడి సొత్తు.

ఇరవయ్యవ శతాబ్ది చివరి పాదంలో ప్రపంచమంతటా పిల్లలకూ యువకులకూ పరిచయమైన వీడియో గేముల కథానాయకుల పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నమైనది. వారిలో ప్రతి ఒక్కరికీ ఒక యజమాని ఉన్నాడు. ఒక సంస్థకు చెందిన వీరుడు మరొక సంస్థకు చెందిన వీరుణ్ణి తెరమీద కలుసుకోవాలంటే ముందుగా ఆ రెండు సంస్థల మధ్య ఒప్పందం కుదరాలి. ఇటువంటి కలయికల చరిత్రను పరిశీలిస్తే అది సంధి విగ్రహాల చరిత్రను తలపిస్తుంది. బలాబలాలు తారుమారైన సమయాల్లోనే ఎక్కువ ఒప్పందాలు కుదిరాయి. ఒప్పందాల కంటే ఎంతో ముందే చేతిపని తెలిసిన నిపుణులు ఒక కొలువు నుంచి మరొక కొలువుకు తరలిపోవడం మరొక విశేషం.

ఇందుకు ఒసాకా నగరాన్ని మించిన ఉదాహరణ లేదు. ఎస్.ఎన్.కె., కాప్‌కామ్ అనే రెండు సంస్థలు ఈ ప్రాంతంలోనే పుట్టాయి. మొదటిది 1978లో స్థాపితమైనది. రెండవది 1983 నుంచి ఆటలు తయారు చేస్తున్నది. 1987లో కాప్‌కామ్ ‘స్ట్రీట్ ఫైటర్’ అనే ఆటను విడుదల చేసింది. నాణెం వేసి ఆడే యంత్రం ముందు నిలబడి, ర్యూ అనే కరాటే యోధుణ్ణి నడిపిస్తూ దేశదేశాల యోధులతో తలపడటం దాని ఇతివృత్తం. తకాషి నిషియామా దానికి దర్శకుడు. హిరోషి మత్సుమోతో ఆయనకు సహచరుడు. ఆట విడుదలైన కొద్దికాలానికే వీరిద్దరూ కాప్‌కామ్‌ను విడిచి ఎస్.ఎన్.కె.లో చేరారు. 1991లో నిషియామా అక్కడ ‘ఫేటల్ ఫ్యూరీ’ని రూపొందించారు. టెర్రీ బోగార్డ్ అనే ఎర్రటోపీ వీరుడు అందులో కథానాయకుడు. అదే సంవత్సరం కాప్‌కామ్‌లో మిగిలినవారు ‘స్ట్రీట్ ఫైటర్ 2’ను తెచ్చి ప్రపంచాన్ని ఊపివేశారు. ఆ విధంగా ఒకే శిల్పి ఆలోచన నుంచి మొలిచిన రెండు శాఖలు ఒకే ప్రాంతంలో శత్రుశిబిరాలుగా నిలిచాయి.

ఒకరినొకరు అనుకరించుకోవడం అప్పుడే మొదలైంది. 1992లో ఎస్.ఎన్.కె. తెచ్చిన ‘ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్’ కథానాయకుడు ర్యో సకాజాకిని చూసినవారికి కాప్‌కామ్ ర్యూ గుర్తుకు రాక మానడు. పేరులోనూ వేషంలోనూ పోలిక స్పష్టం. కాప్‌కామ్ దీనికి న్యాయస్థానంలో కాక ఆటలోనే బదులిచ్చింది. 1995 నాటి ‘స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫా’లో డాన్ హిబికి అనే పాత్ర ప్రత్యక్షమైంది. గులాబీరంగు దుస్తులు ధరించి, ప్రగల్భాలు పలుకుతూ, చేతినుంచి వెలువడే శక్తిగోళం రెండడుగులు కూడా దాటని ఈ యోధుడు ఎస్.ఎన్.కె. వీరులకు వికటానుకరణ. వీధి భాగవతంలో ఎదుటి మేళాన్ని వెక్కిరించే హాస్యగాడి పాత్ర వంటిది ఇది.

పోలికలు అంత ప్రస్ఫుటంగా ఉన్నా ఈ వ్యవహారం వ్యాజ్యం దాకా వెళ్లలేదు. వ్యాజ్యాలకు ఉన్న పరిమితి ఏమిటో మరొక కేసులో బయటపడింది. డేటా ఈస్ట్ అనే సంస్థ తన ‘ఫైటర్స్ హిస్టరీ’లో ‘స్ట్రీట్ ఫైటర్ 2’ను అనుకరించిందని కాప్‌కామ్ దావా వేయగా, ఆ ఆట పంపిణీని ఆపివేయడానికి 1994లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానం నిరాకరించింది. గుద్దు, తన్ను, యుద్ధకళల భంగిమలు, మూసపాత్రల లక్షణాలు ఏ ఒక్కరి సొత్తూ కావన్నది ఆ తీర్పు సారాంశం. మరొకరి యుద్ధరీతిని ఎవరైనా అనుసరించవచ్చు. కాని మరొకరి వీరుణ్ణి అతని సొంత పేరుతో, సొంత ముఖంతో చూపాలంటే మాత్రం యజమాని సంతకం కావాలి. పోలికలు ఎన్ని వచ్చినా అసలు ర్యూ, అసలు టెర్రీ ఎదురుపడటం కోసం అభిమానులు దశాబ్దం పాటు ఎదురుచూడవలసి రావడానికి కారణం ఇదే.

ఆ ముహూర్తం 1999లో వచ్చింది. రెండు సంస్థలూ ఎదుటివారి పాత్రలను వాడుకొని ఎవరి ఆటలు వారు తయారు చేసుకొనే ఏర్పాటు కుదిరింది. ఎస్.ఎన్.కె. తన చేతియంత్రం నియో జియో పాకెట్ కలర్ కోసం ముందుగా ఒక పేకముక్కల ఆటను తెచ్చింది. కాప్‌కామ్ పక్షపాతుల కోసం ఒకటి, ఎస్.ఎన్.కె. పక్షపాతుల కోసం మరొకటి చొప్పున దాన్ని రెండు కూర్పులుగా విక్రయించడం సంధికాలంలో కూడా శిబిరాలు చెదరలేదనడానికి నిదర్శనం. 2000లో కాప్‌కామ్ తన వంతుగా ‘కాప్‌కామ్ వర్సెస్ ఎస్.ఎన్.కె.’ను విడుదల చేసింది. పేరులో ఎవరు ముందన్నది కూడా తయారీదారును బట్టి మారింది. ఇక ఆ ఆటను నడిపించిన యంత్రఫలకం మూడవ సంస్థయైన సేగాది.

అసలు చిక్కు సమతూకంలో ఎదురైంది. ఇద్దరు అగ్రనటులు ఒకే చిత్రంలో నటించినప్పుడు ఎవరి పాత్ర నిడివి రవ్వంత తగ్గినా అభిమానులు ఎలా లెక్కలు కడతారో ‘గుండమ్మ కథ’ కాలం నుంచీ తెలుగు ప్రేక్షకులకు తెలిసినదే. కాప్‌కామ్ ఇందుకు ఒక అంకెల పద్ధతిని కనిపెట్టింది. ఒక్కొక్క యోధుడికి బలాన్నిబట్టి ఒకటి నుంచి నాలుగు వరకు విలువ కట్టి, జట్టు మొత్తం విలువ నాలుగుకు మించరాదని నియమం పెట్టింది. ర్యూకూ టెర్రీకీ సమానంగా రెండేసి దక్కాయి. అయినా పక్షపాతుల తగవు తీరే విషయం కాదు. 2001 నాటి రెండవ ఆటలో ఎవరికి ఎంత విలువ ఇవ్వాలో ఆటగాడికే వదిలివేశారు. మొదటి ఆట సవరించిన కూర్పులో డాన్ హిబికి కూడా చేరి, తాను ఎవరిని వెక్కిరించడానికి పుట్టాడో ఆ ర్యో సకాజాకి ఎదుటనే నిలిచాడు. ఎగతాళి చేసినవారూ ఎగతాళికి గురైనవారూ ఉమ్మడిగా సమ్మతించిన ఆ దృశ్యంలో ఉన్న సంస్కారం ఏ ఒప్పంద పత్రంలోనూ కనిపించేది కాదు.

ఈ సంధి సమానుల మధ్య ఎక్కువకాలం నిలవలేదు. ఎస్.ఎన్.కె. 2001 అక్టోబరులో దివాలా తీసింది. దాని పాత్రల హక్కులను కొన్న వారససంస్థ 2003లో ఒప్పందంలో తన వంతుగా మరొక పోరాట క్రీడను తెచ్చిన తరువాత ఈ రెండు పక్షాల పోరాటాలు చాలాకాలం ఆగిపోయాయి. పనివారి ప్రయాణం మాత్రం ఆగలేదు. ఎస్.ఎన్.కె. వీరులకు రూపురేఖలు దిద్దిన చిత్రకారుడు షిన్‌కిరో కాప్‌కామ్‌లో చేరాడు. నిషియామా 2000లో డింప్స్ అనే సొంత సంస్థను నెలకొల్పారు. కాప్‌కామ్ 2008లో ‘స్ట్రీట్ ఫైటర్ 4’ను తెచ్చినప్పుడు దాని నిర్మాణంలో భాగస్వామి ఈ డింప్స్ సంస్థే. రెండు దశాబ్దాల తరువాత శిల్పి తాను చెక్కిన తొలి విగ్రహం వద్దకే మరొక ద్వారం గుండా తిరిగి వచ్చాడు.

ఇదే సంస్థ మరొక ప్రసిద్ధమైన సంధిలోనూ కనిపించడం కాకతాళీయం కావచ్చు. నింటెండో, సేగా సంస్థలు తమ తొలి గృహయంత్రాలను జపాన్‌లో ఒకే రోజున, 1983 జులై 15న, విడుదల చేశాయి. అది మొదలు సుమారు 18 సంవత్సరాలు వాటి మధ్య పోరు సాగింది. నింటెండోకు మీసాల మారియో పతాకమైతే, 1991లో సేగా సోనిక్ అనే నీలిరంగు ముళ్లపందిని పోటీకి దింపింది. అమెరికాలో సేగా ప్రకటనలు ప్రత్యర్థిని పేరుపెట్టి మరీ ఎద్దేవా చేశాయి.

అధికారికంగా వీరిద్దరూ కలవడం ఊహకందని ఆ రోజుల్లో అనధికారికంగా ఒక కలయిక జరిగింది. 1994లో తైవాన్‌లో అనుమతి లేకుండా తయారైన ‘సోమారి’ అనే ఆటలో సోనిక్ పరుగెత్తవలసిన కొండదారుల్లో మారియో పరుగెత్తుతాడు. నింటెండో యంత్రానికి నకళ్లుగా తయారై భారతదేశపు పట్టణాల్లో ‘టీవీ గేమ్’ పేరుతో విరివిగా అమ్ముడైన చౌక యంత్రాల కోవకు చెందినదే ఈ క్యాసెట్టు కూడా. ఒకే క్యాసెట్టులో పలు సంస్థల ఆటలను కూర్చి అమ్మిన ఆ వ్యాపారం చట్టవిరుద్ధమే. అయినా 1990లలో ఆంధ్రదేశంలో ఆ యంత్రాలతో ఆడుకొన్న పిల్లలకు ఏ వీరుడు ఏ సంస్థవాడన్న భేదం తెలియదు.

2001 జనవరి 31న సేగా తన డ్రీమ్‌కాస్ట్ యంత్రం తయారీని నిలిపివేస్తున్నట్లు ప్రకటించి, యంత్రాల వ్యాపారం నుంచి వైదొలగింది. ఆ సంవత్సరం డిసెంబరు 20న సోనిక్ తొలిసారిగా నింటెండో యంత్రాలపై అడుగుపెట్టాడు. చేతియంత్రం కోసం వచ్చిన ‘సోనిక్ అడ్వాన్స్’ నిర్మాణంలో పాలుపంచుకొన్నది నిషియామా డింప్స్ సంస్థే. మారియో, సోనిక్ ఒకే ఆటలో పోటీపడటానికి మరి ఆరేళ్లు పట్టింది. 2007 నవంబరులో బీజింగ్ ఒలింపిక్స్ ఇతివృత్తంగా ఆ ఆట విడుదలైంది. ఎవరి ఇల్లూ కాని క్రీడామైదానం దానికి రంగస్థలం కావడం యుక్తమే. ఒకరి రాజ్యంలోకి మరొకరు అతిథిగా వెళ్లవలసిన అగత్యం అక్కడ లేదు. అటువంటి ఆతిథ్యం 2008 జనవరి 31న నింటెండో వారి ‘సూపర్ స్మాష్ బ్రదర్స్ బ్రాల్’ ద్వారా జరిగింది. సేగా ఆయుధాలు దించిన రోజుకు అది సరిగ్గా ఏడేళ్లు. అదే ఆటలో కొనామి సంస్థకు చెందిన గూఢచారి స్నేక్ కూడా అతిథిగా కనిపించాడు.

స్మాష్ బ్రదర్స్ పరంపర 1999లో నింటెండో సొంత కుటుంబానికి చెందిన 12 మంది పాత్రలతో మొదలైంది. మసాహిరో సకురాయి రూపకల్పన చేసిన ఈ వరుసలో 2018 నాటి ‘అల్టిమేట్’ వచ్చేసరికి యోధుల సంఖ్య 80 దాటింది. ర్యూ, టెర్రీ ఇద్దరూ ఆ సభలో ఉన్నారు. మైక్రోసాఫ్ట్, స్క్వేర్ ఎనిక్స్, బందాయ్ నామ్కో సంస్థల పాత్రలకూ అందులో స్థానం దొరికింది. 2021 అక్టోబరులో డిస్నీకి హక్కులున్న సోరా చివరి అతిథిగా చేరాడు. చక్రవర్తి సభలో సామంతులు, మిత్రరాజుల కొలువు వంటిదే ఇది. వచ్చినవారందరూ గౌరవనీయులే, సింహాసనం మాత్రం ఒకరిదే.

ఇటువంటి కృతులకు ఒక శాపం కూడా ఉన్నది. రెండు ఇళ్ల ఉమ్మడి గోడకు మరమ్మతు చేయాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. 1996లో ‘ఎక్స్-మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్’తో మొదలుపెట్టి కాప్‌కామ్ అమెరికన్ చిత్రకథల సంస్థ మార్వెల్‌తో కలిసి ఒక గొప్ప వరుసను నిర్మించింది. 2000 నాటి ‘మార్వెల్ వర్సెస్ కాప్‌కామ్ 2’లో 56 మంది యోధులున్నారు. 2009లో అది అంతర్జాలం ద్వారా తిరిగి అమ్మకానికి వచ్చింది. అదే సంవత్సరం మార్వెల్‌ను డిస్నీ కొన్నది. 2013 చివరలో ఆ ఆట అంతర్జాల దుకాణాల నుంచి మాయమైంది. 2024 సెప్టెంబరులో ఒక సంకలనంలో భాగంగా గాని అది మళ్లీ వెలుగు చూడలేదు. ఒసాకా సంధి ఫలమైన ‘కాప్‌కామ్ వర్సెస్ ఎస్.ఎన్.కె.’ ఆటలు రెండూ అదేవిధంగా 2025 మే వరకు వేచి ఉండవలసి వచ్చింది. ఈలోగా ఎస్.ఎన్.కె. వాటాలలో అత్యధిక భాగం సౌదీ అరేబియాకు చెందిన ఒక ఫౌండేషన్ చేతికి వెళ్లింది.

ఒక్క యజమాని ఉన్న ఆటల స్థితి కూడా అంతంతమాత్రమే. 2010కి పూర్వం అమెరికాలో విడుదలైన ఆటల్లో 87 శాతం మార్కెట్టులో లభించడం లేదని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెల్లడించింది. ఇద్దరు ముగ్గురు యజమానులున్న కృతుల పరిస్థితి మరింత దుర్భరమని వేరే చెప్పనక్కరలేదు. జపాన్ ప్రభుత్వం ఈ విషయంలో కొంత ముందుచూపు కనబరచింది. 2000 అక్టోబరు నుంచి డిస్కులు, క్యాసెట్ల రూపంలో వెలువడే ప్రచురణలను కూడా జాతీయ గ్రంథాలయానికి సమర్పించాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. క్యోటోలోని రిత్సుమేకన్ విశ్వవిద్యాలయం ఆటల అధ్యయనానికి ప్రత్యేక కేంద్రాన్ని నెలకొల్పింది. అయితే వస్తురూపంలో లేనిదానికి సమర్పణ నిబంధన వల్ల ప్రయోజనం లేదు.

2024 సెప్టెంబరులో టెర్రీ బోగార్డ్ ‘స్ట్రీట్ ఫైటర్ 6’లో ప్రవేశించాడు. 2025లో కాప్‌కామ్ యోధులు కెన్, చున్-లీ ‘ఫేటల్ ఫ్యూరీ’ కొత్త ఆటలో అడుగుపెట్టి ఆ ఆతిథ్యాన్ని చెల్లించారు. నిషియామా ఊహించిన రెండు లోకాల మధ్య రాకపోకలు ఈ విధంగా పునఃప్రారంభమైనాయి. కాని ఈ అతిథులందరూ ఆట విడుదలైన తరువాత అంతర్జాలం ద్వారా వచ్చి చేరినవారే. 2023 నాటి ‘స్ట్రీట్ ఫైటర్ 6’ తొలి డిస్కును మాత్రమే భద్రపరచిన గ్రంథాలయంలో ర్యూ కనిపిస్తాడు. అతని ఎదుట టెర్రీ ఉండడు.