సఫేద్ సోనా: పైన మెరిసేది ములమ్మా

మన పత్రికల్లో ‘తెల్ల బంగారం’ అంటే పత్తి. అరబీలో ‘అజ్జహబుల్ అబ్యజ్’ అంటే చాలామందికి ప్లాటినం. జేవర్ దుకాణంలో మాత్రం సఫేద్ సోనా అంటే వైట్ గోల్డ్. పేరు ఒకటే, వస్తువులు మూడు. ఈ గందరగోళంలో అసలు హకీకత్ మరుగున పడుతోంది. ఖాలిస్ బంగారం పసుపుపచ్చగానే ఉంటుంది. దాన్ని తెల్లబరిచింది మనిషి జరూరత్.

ఆ జరూరత్ వెనక ఒక జంగ్ ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పారిస్, న్యూయార్క్ అమీర్లకు ప్లాటినం మీద మోజు. వజ్రాల పక్కన తెల్లటి లోహం ఉంటే ఆ జిలుగే వేరు. ఆ ప్లాటినంలో ఎక్కువ భాగం రష్యాలోని ఉరల్ కొండల నుంచి వచ్చేది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. బారూద్‌కు కావలసిన ఆమ్లాల తయారీలో ప్లాటినం ఉత్ప్రేరకం కనుక హుకూమత్‌ల కన్ను దాని మీద పడింది. 1917లో రష్యాలో ఇన్‌కిలాబ్ రావడంతో సరఫరా ఇంకా దెబ్బతింది. ప్లాటినం బదులు ఏమిటన్న సవాలుకు జర్మనీలోని ఫోర్జ్‌హైమ్ కారీగర్లు, న్యూయార్క్‌లో డేవిడ్ బెలే జవాబు వెతికారు. బెలే 1920లో పేటెంట్ పొందాడు. బంగారంలో నికెల్ గానీ పల్లాడియం గానీ కలిపితే పచ్చదనం తగ్గుతుంది. 18 క్యారెట్ల వైట్ గోల్డ్‌లో 75 శాతం బంగారమే. తక్కినది ఆ మిలావట్.

అయినా అది పాలలాంటి తెలుపు కాదు. బూడిద రంగు, అందులో కాస్త పసుపు ఛాయ. ఆ లోటు పూడ్చడానికి వచ్చింది రోడియం. 1804లో లండన్‌లో విలియం హైడ్ వోలాస్టన్ దక్షిణ అమెరికా ప్లాటినం ఖనిజంలో దీన్ని కనుగొన్నాడు. దాని లవణాలు గులాబీ రంగులో ఉన్నాయని గ్రీకు ‘రోడాన్’ నుంచి పేరు పెట్టాడు. గులాబ్ పేరు పెట్టుకున్న లోహం, చూస్తే వెండిలా తెల్లన. 1930ల నుంచి నగలకు దీని పూత వాడుకలోకి వచ్చింది. నగను శుభ్రం చేసి, రోడియం ద్రావణంలో ముంచి, కరెంటు పంపిస్తారు. ఏర్పడే పొర చాలాసార్లు ఒక మైక్రాన్ కూడా ఉండదు. మన వెంట్రుక మందమే సుమారు 70 మైక్రాన్లు. అందుకే రోజూ పెట్టుకునే ఉంగరం రాపిడికి ఏడాది, రెండేళ్లలో పసుపు ఛాయ బయటపెడుతుంది. మళ్లీ పాలిష్ చేయించాల్సిందే.

ఉర్దూలో ములమ్మా అన్న మాటకు మంచి పేరు లేదు. రాగి మీద బంగారు పూత పూసి ఇదే సోనా అనడం, లోపల ఒకటి పైకి ఒకటి. రోడియం దగ్గర కథ తిరగబడింది. 2021 మార్చిలో ఔన్సు రోడియం సుమారు 29,000 డాలర్లు పలికితే, బంగారం సుమారు 1,700. కార్ల పొగ గొట్టాల్లోని శుద్ధి పరికరాలకు దాని గిరాకీ అంత. అంటే ఇక్కడ పూత, కింది లోహం కన్నా మహంగా. ఇందులో దగా లేదు. కొనేవాడికి చెప్పకపోవడంలోనే దగా.

మన నికాహ్‌లలో దుల్హాకు ఉంగరం పెట్టేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. మగవాళ్లకు సోనా హరామ్, చాందీ జాయిజ్. ప్లాటినం బంగారం కాదు కనుక అభ్యంతరం లేదని ఉలమా చాలామంది చెబుతారు. ఆ ఫత్వా విని, రంగు చూసి, వైట్ గోల్డ్ తెచ్చేవాళ్లున్నారు. తెల్లగా ఉన్నా అందులో ముప్పాతిక వంతు సోనాయే, రంగు మారితే హుకుం మారదు.

కాబట్టి దుకాణంలో పేరు అడగొద్దు, జాత్ అడగండి. హాల్‌మార్క్‌లో 18కె750 అని ఉంటే అది బంగారం. అయితే ఆ ముద్ర బంగారం పాళ్లు చెబుతుందే తప్ప రంగు సంగతి చెప్పదు. కలిపింది నికెలా, పల్లాడియమా? కొందరి చర్మానికి నికెల్ పడదు. పైన రోడియం ఉందా, మళ్లీ పూత వేయడానికి ఎంత తీసుకుంటారు? ఈ జవాబులు రసీదు మీద రాయించుకోండి. ఈమాన్దార్ సరాఫ్ రాయడానికి వెనకాడడు.