మానని చెవి చీము: లాంగర్‌హాన్స్ కణ వ్యాధి

పసిపిల్లలకు చెవిలో చీము కారడం ప్రతి ఇంటా ఎరిగినదే. తగిన మందు పడితే చాలావరకు కొద్ది వారాల్లో నయమవుతుంది. అయితే మందు వాడినంతకాలం తగ్గినట్లుండి, మానగానే తిరిగి కారే చీము వెనుక బహు అరుదుగా వేరొక వ్యాధి దాగి ఉండవచ్చు. దానిని లాంగర్‌హాన్స్ కణ హిస్టియోసైటోసిస్ అంటారు.

1868లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్య విద్యార్థి చర్మంలో కొన్ని కణాలను గుర్తించాడు. వాటిని పోలిన కణాలు అదుపు తప్పి పేరుకొనడమే ఈ వ్యాధి. పదిహేనేళ్ల లోపు పిల్లల్లో, పది లక్షల మందికి ఏటా సుమారు అయిదుగురికి వస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. దిష్టి వల్లనో, బాలింత పథ్యం తప్పడం వల్లనో వచ్చేదీ కాదు. సుమారు సగం మంది రోగుల కణాల్లో బ్రాఫ్ అనే జన్యువు మారి ఉంటుందని 2010లో వెల్లడైంది.

ఈ కణాలు చెవి చుట్టూ ఉన్న ఎముకలో చేరితే ఎముక కరుగుతుంది. చెవి రంధ్రంలో కండ పెరిగి, చీమో నెత్తురో కారుతుంది. చెవి వెనుక వాపు కూడా రావచ్చు. చూడటానికి అచ్చం ముదిరిన చెవి చీమువలెనే ఉంటుంది గనుక చెవిని మాత్రమే చూసి లాభం లేదు. మాడు మీద, చెవుల వెనుక, గజ్జల్లో ఎంతకూ మానని పొలుసులు, ఎర్రని పొక్కులు ఉన్నాయా? తలపై మెత్తని గడ్డ తగులుతున్నదా? ఈడు రాకుండానే పళ్లు కదులుతున్నాయా?

అన్నిటికన్నా దాహాన్ని గమనించాలి. బిడ్డ రాత్రివేళ లేచి చెంబులకొద్దీ నీళ్లు తాగుతుంటే, ఎప్పుడో మానిన పక్క తడపడం మళ్లీ మొదలైతే, ఎండాకాలం కదా అని సరిపెట్టుకుంటాము. చక్కెర పరీక్షలో ఏమీ లేకపోతే, అది మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్న గుర్తు కావచ్చు. ఆ నష్టం సాధారణంగా పూడదు. డెస్మోప్రెసిన్ అనే మందు ఏళ్ల తరబడి వాడవలసి వస్తుంది.

స్కాన్ తీసి, చిన్న ముక్కను పరీక్షిస్తేనే రోగం నిర్ధారణ అవుతుంది. విన్‌బ్లాస్టిన్ సూదిమందు, ప్రెడ్నిసోలోన్ మాత్రలతో సాధారణంగా ఏడాది చికిత్స ఉంటుంది. కాలేయం, ప్లీహం, ఎముక మజ్జలకు పాకని పిల్లలు దాదాపు అందరూ బతుకుతారు. వీరిని చూసేది పిల్లల కేన్సర్ వైద్యులు. బెంగుళూరు కిద్వాయి, వేలూరు సీఎంసీ, పుదుచ్చేరి జిప్మర్, ముంబయి టాటా మెమోరియల్ వంటి చోట్ల ఈ చికిత్స దొరుకుతుంది.

సరిహద్దు పల్లెల వారికి ఒక చిక్కు ఉన్నది. ఒక చీటీ మన ఊరిది, మరొకటి అవతలి రాష్ట్రపు పట్టణానిది. ఏ వైద్యునికీ కథ మొత్తం తెలియదు. చీటీలన్నీ ఒకే సంచిలో దాచి, ఎన్నిసార్లు చుక్కలమందు వాడినదీ లెక్క చెప్పండి. రెండు మూడు విడతల మందుకూ లొంగకపోతే చెవి నిపుణుని చూడక తప్పదు. చెవి నుండి నెత్తురు కారినా, మూతి ఒక పక్కకు లాగినా అంతవరకు కూడా ఆగవద్దు. ర్యాబ్డోమయోసార్కోమా అనే కండర కేన్సర్ సైతం చెవిలో ఇలాగే బయటపడుతుంది.