పటంలో ఉన్నవాళ్ళు, పటం చూసేవాళ్ళు

తెలుగు చిత్రకళలోకి మామూలు మనుషులు ఎప్పుడు వచ్చారని అడిగితే సిద్ధంగా ఒక జవాబు ఉంది. బొంబాయిలో చదువుకొని వచ్చిన దామెర్ల రామారావు రాజమండ్రిలో బడి పెట్టాక, ఆ తర్వాత సిద్దిపేటలో కాపు రాజయ్య వడ్డెర స్త్రీలనూ బోనాలనూ గీశాక వచ్చారట. అంతకు ముందున్నవన్నీ దేవుళ్ళూ రాజులేనట. దీనికి ఇటలీ నుంచి ఒక పోలిక కూడా తెస్తారు. అన్నీబాలె కరాచీ 1580ల్లో బొబ్బర్ల గిన్నె ముందు కూర్చున్న పల్లెటూరివాణ్ణి గీశాడు. 18వ శతాబ్దంలో జాకొమో చెరూటి బిచ్చగాళ్ళనూ, నూలు వడికే ఆడవాళ్ళనూ నిలువెత్తు బొమ్మలుగా నిలబెట్టాడు. చర్చి గోడల మీది పునీతుల నుంచి వీధిలోని మనిషి దాకా అక్కడ నడిచిన దారినే మనమూ ఆలస్యంగా నడిచామన్నది ఈ వాదం. ఖమ్మం దాటి భద్రాచలం అడవి అంచున నిలబడి చూస్తే ఇది నిలవదు. మనకు ఆలస్యంగా వచ్చింది మామూలు మనిషి బొమ్మ కాదు, ఆ బొమ్మను ఆ మనిషి చూడకపోవడం.

తొలి దశల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. లేపాక్షి కప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాల్లో చీరల అంచులూ కొప్పులూ చూసి ఆనాటి వేషధారణ గురించి చాలామంది రాశారు. కానీ అక్కడ మామూలు జీవితం కథకు అలంకారమే. మాటల్లో మాత్రం తెలుగువాళ్ళు వీధిని అంతకుముందే పట్టుకున్నారు. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులు, పూటకూళ్ళ ఇల్లు, కోళ్ళ పందేలు, పొట్టేళ్ళ పోట్లాటలు ఉన్నాయి. అందులోనే మాచల్దేవి చిత్రశాల గోడల మీదేమో పురాణ దృశ్యాలే. మన కళాచరిత్ర ఆ గోడను చూసింది, దాని బయటి వీధిలో కథలు చెప్పేవాళ్ళ భుజాన ఉన్న పటాన్ని పక్కన పెట్టింది.

ఆ పటానిది చిన్న చరిత్ర కాదు. జగదీశ్ మిత్తల్ సేకరణలోని మార్కండేయ పురాణం పటం మీద 1625 నాటి తేదీ ఉంది. అంటే ఈ పటాలు వేసే మన నకాషీలు చెరూటి పుట్టడానికి డెబ్బై ఏళ్ళకు పైగా ముందే ఎర్రటి నేల మీద గజాల కొద్దీ గుడ్డను బొమ్మలతో నింపుతున్నారు. ఆ కథలు ఎవరివో చూడాలి. మార్కండేయ పురాణాన్ని కూనపులివారు పద్మశాలీలకు చెబుతారు. జాంబ పురాణాన్ని డక్కలివారు మాదిగలకు చెబుతారు. చాకలివారికి మడేలు పురాణం, గౌడులకు గౌడ పురాణం, ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు విప్పే పటం ఉన్నాయి. ఇవి పురాణాలే కదా, వీటిలో నిత్యజీవితం ఎక్కడుందన్న ఆక్షేపణ సహజమే. కానీ వీటిలో ప్రతి ఒక్కదానికీ కథావస్తువు పనే. భావనారుషి తామర తూళ్ళ నుంచి నూలు తీసి దేవతలకు బట్ట నేస్తాడు. మడేలయ్య మైల బట్టలు ఉతుకుతాడు. మగ్గం, చాకిరేవు, తాటిచెట్టు ఇక్కడ నేపథ్యం కాదు, కథ పుట్టిందే వాటి నుంచి. పైగా ఆ పటం ముందు కూర్చున్నవాళ్ళు మగ్గం మీది నుంచి లేచి వచ్చినవాళ్ళు. బొమ్మలో పొరపాటుంటే నేతగాడే ముందు పట్టుకుంటాడు. చెరూటి గీసిన స్త్రీలకు అలాంటి హక్కు లేదు. ఆ బొమ్మలు ధనికుల ఇళ్ళకు చేరాయి.

అయితే చూసేవాళ్ళు ఎప్పుడు మారారు? నా దృష్టిలో అసలు మలుపు అక్కడే ఉంది, కానీ మన చరిత్రలు దాన్ని 1920ల్లో వెతుకుతున్నాయి. 1700 ప్రాంతంలో వెనిస్‌వాడైన నికొలావ్ మనూచి ఇక్కడి చిత్రకారుల చేత దేవుళ్ళవీ, పెళ్ళిళ్ళవీ, ఆచారాలవీ బొమ్మలు వేయించి తన దేశానికి పంపాడు. గోల్కొండలో కొంతకాలం గడిపి మద్రాసులో స్థిరపడినవాడాయన. ఆ సంపుటం ఇప్పటికీ వెనిస్‌లోని మార్చియానా గ్రంథాలయంలో ఉంది. గీసిన చెయ్యి ఇక్కడిదే, చూసే కన్ను మాత్రం మారింది. ఆ తర్వాత కంపెనీ దొరల ఆల్బములు వచ్చాయి. భార్యాభర్తల జంట, చేతిలో వృత్తి పనిముట్టు, వెనక ఖాళీ, కింద కులం పేరు. నకాషీలే ఈ ఆల్బములకు మూలమని నేను అనడం లేదు. అవి ఎక్కువగా తీరప్రాంతం, తమిళనాడు చిత్రకారుల పనులు. నేననేది ఇంతే: పటంలోని మనిషికి కులంతోపాటు పేరు, వంశం, కథ ఉన్నాయి. ఆల్బములో కులం ఒక్కటే మిగిలింది.

భద్రాచలం అడవికి ఈ చూపు మాటల రూపంలో వచ్చింది. దుమ్ముగూడెంలో మిషనరీగా ఉన్న జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో వ్యాసాలు రాశాడు. కులాల, తెగల మీద 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాలు వాటిని వాడుకున్నాయి. 1945లో హైమెన్‌డార్ఫ్ కొండరెడ్ల మీద పుస్తకం తెచ్చాడు. వీళ్ళ శ్రమను తక్కువ చేయలేం. ఆ రాతలు లేకపోతే మనకు తెలియకుండా పోయే సంగతులు చాలా ఉన్నాయి. కానీ వాటి ఫొటోల్లో కోయ మనిషి జాతికి నమూనాగానే నిలబడ్డాడు. దానికి తోడు ఈ నేల ఏ ఒక్క ప్రభుత్వం లెక్కలోనూ కుదురుగా లేదు. నిజాం నుంచి 1860లో బ్రిటిషువారికి, మధ్యపరగణాల నుంచి 1874లో గోదావరి జిల్లాకు, తూర్పు గోదావరి నుంచి 1959లో ఖమ్మానికి మారింది. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి, పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. ఆంధ్ర చిత్రకళ అన్నప్పుడు రాజమండ్రి దగ్గర, తెలంగాణ చిత్రకళ అన్నప్పుడు సిద్దిపేట దగ్గర ఆగిపోవడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం.

ఆ రెంటికీ నడుమ పడిగె ఉంది. కోయల ఇలవేల్పుల కొలుపుల్లో బయటికి తీసే బొమ్మల గుడ్డ అది. డోలీలనే గాయకులు దాన్ని చూసి గట్టుల (గోత్రాల), ఇంటిపేర్ల చరిత్ర పాడతారు. పరిశోధకుడు జయధీర్ తిరుమలరావు ఏళ్ళ తరబడి వెంటపడి వెలుగులోకి తెచ్చేదాకా దీన్ని బొమ్మగా చూసినవాళ్ళు తక్కువ. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలీ సకిని రామచంద్రయ్య కంచుమేళం, కంచుతాళంతో సమ్మక్క సారలమ్మలనూ, పగిడిద్దరాజునూ, గరికామరాజునూ, ముసలమ్మనూ, నాగులమ్మనూ పాడారు. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 జూన్‌లో కన్నుమూశారు. పడిగె మీద ఉన్నది వీరులూ వేల్పులే, సంతలో ఉప్పు కొనే మనిషి కాదు కదా అంటారు. ఒప్పుకుంటాను. ఒక్కొక్క బొమ్మను విడదీసి చూస్తే అది నిత్యజీవిత చిత్రం కాదు. కానీ ఆ వీరుడు వినేవాడి ఇంటిపేరు మోసినవాడే. అతను నడిచిన అడవిలోనే వీళ్ళూ నడుస్తున్నారు. వేల్పు వేరు, మామూలు మనిషి వేరు అన్న గీత మన కళావిమర్శ గీసింది, కొలుపులో అది లేదు.

ఈ వెలుగులో 20వ శతాబ్దపు గొప్ప పేర్లను కాస్త తక్కువ గొంతుతో పలకాలనిపిస్తుంది. కాపు రాజయ్య ఆ విషయంలో మిగతావారి కంటే నిజాయితీపరుడు. నకాషీ ఎరుపునూ గీతనూ తెలిసి తెచ్చుకున్నాడు. తోట వైకుంఠం పల్లె స్త్రీకి దేశమంతటా గోడ దొరికింది, ఆ రంగుల నిబ్బరం కాదనలేనిది. అయినా ఆమె చేతిలో పని కంటే ఒంటిమీద నగ ముందు కనిపిస్తుంది. నకాషీల ఊరైన చేర్యాలలో పటం వేయించుకునే కథకులు తగ్గాక గజాల పటం జానెడు పలకైంది. దాని మీద కల్లు గీసే మనిషి ఉన్నాడు, గౌడ పురాణం లేదు. నకాషీ కుటుంబాల పొయ్యి వెలగాలంటే పలక తప్పదు, వాళ్ళను తప్పుపట్టను. తప్పుపట్టేది ఆ పలకను చూపించి సంప్రదాయం బతికిందనే మాటను. గిరిజన కళ అనగానే ప్రభుత్వ గోడల మీద మహారాష్ట్ర వార్లీల బొమ్మలకు నకళ్ళు వేయించడం అంతకంటే బాధాకరం. ఇక్కడి కోయలకు తమ గుడ్డ ఉండగా పక్క రాష్ట్రపు గోడ ఎందుకు? పడిగెలను మ్యూజియంలకు చేర్చాలన్న మాట మంచిదే. అయితే అది ఏ గట్టుది, ఏ ఇంటిపేరువాళ్ళది, ఏ డోలీ దాన్ని పాడేవాడు అన్న మూడు సంగతులు పక్కన రాసి, ఆ పాట వినిపించేలా పెట్టనంతకాలం, గాజు పెట్టెలోని పడిగెను భద్రపరిచిన వస్తువుగా నేను లెక్కవేయను.