తెల్లారుజామున చెడిన బేరం

2023 జూలై 5. వాషింగ్టన్. తెల్లారుజాము నాలుగు గంటలు.

ముందు రోజు అమెరికా స్వాతంత్ర్య దినం. ఊరంతా బాణసంచా కాల్చి పడుకుంది. చర్చల గదిలో మాత్రం ఎవరికీ నిద్ర లేదు. బల్లకి ఒక పక్క పార్సిళ్ల కంపెనీ యూపీఎస్. రెండో పక్క టీమ్‌స్టర్స్ యూనియన్. కంపెనీ తన మాట చెప్పింది. చాలదంది యూనియన్. అంతే, బేరం చెడింది. లేచిపోయింది కంపెనీయేనని యూనియన్, మాటలు ఆపేసింది యూనియనేనని కంపెనీ. ఎవరు లేస్తేనేం, గది ఖాళీ. పాత ఒప్పందానికి జూలై 31 ఆఖరి రోజు. కార్మికులు 3 లక్షల 40 వేల మంది. ఓటేసినవాళ్లలో 97 శాతం అప్పటికే సమ్మెకి సై అన్నారు. చేతిలో ఉన్నవి 26 రోజులు.

చిత్రమేంటంటే, బేరం చెడింది డ్రైవర్ల దగ్గర కాదు.

డ్రైవర్ల గొడవ అప్పటికి ఏడాదిగా కుతకుతలాడుతోంది. ముదురు గోధుమరంగు బండి అది. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన మన పెద్దవాళ్లు కిటికీలోంచి చూసే ఉంటారు. దాని పైకప్పు తెల్లటి ఫైబర్‌గ్లాస్. పగటిపూట వెలుతురు లోపలికి దిగాలని అలా కట్టారు. వెలుతురు దిగినచోట ఎండ దిగకుండా ఉంటుందా! తలుపు తోసుకుని వెనక అరల్లోకి అడుగు పెడితే కుమ్మరి ఆవం సెగ ముఖాన కొడుతుంటే, చెమట కళ్లలోకి కారుతుంటే, వంగి పెట్టె వెతికి, చంకన పెట్టుకుని, మెట్టు దిగి, గుమ్మం దాకా పరుగెత్తి, బెల్లు కొట్టి, మళ్లీ ఆ సెగలోకే ఎక్కి, ఇలా రోజుకి వంద గుమ్మాలు దాటితే గానీ వాళ్లకి పొద్దు గూకదు. 2022 వేసవిలో కొందరు బండి లోపల థర్మామీటర్ పెట్టి ఫొటో తీశారు. 120 ఫారెన్‌హీట్ దాటింది. మన లెక్కలో 49 డిగ్రీలు. ఆ ఫొటోలు దేశమంతా తిరిగాయి. 2023 జూన్‌లో కంపెనీ దిగొచ్చింది. 2024 నుంచి కొనే బండ్లకి ఏసీ పెడతామంది. అక్కడితో అయిపోలేదు.

రెండో చిక్కు పేరు '22.4'. ఒప్పందంలో ఆ నిబంధన నంబరే డ్రైవర్లకి పేరైపోయింది. అదే యూనిఫారం, అదే బండి, అదే వీధి. జీతం మాత్రం తక్కువ. 2018లో ఈ ఏర్పాటు పెట్టినప్పుడు ఓటేసినవాళ్లలో 54 శాతం వద్దన్నారు. పోలైన ఓట్లు సగం కన్నా తక్కువ కాబట్టి ఈ తిరస్కారం చెల్లదని అప్పటి యూనియన్ నాయకత్వమే ఒప్పందాన్ని ఖాయం చేసేసింది. ఆ మంట ఆరలేదు. 2021లో షాన్ ఓబ్రయన్‌ని యూనియన్ అధ్యక్షుడిగా గెలిపించిన కారణాల్లో అదొకటి. 2023 జూలై మొదట్లో 22.4 రద్దుకి కూడా కంపెనీ తలూపింది. ఇక మిగిలింది ఒక్కటే.

గోదాం.

నాయకులు గది వదిలే వేళకి గోదాముల్లో 'ప్రీలోడ్' షిఫ్టు. కన్వేయర్ బెల్టు రొద. అట్టపెట్టెల దుమ్ము. పెట్టె వెనక పెట్టె, ఎక్కడా ఆగదు. పొద్దున డ్రైవర్ తాళం తిప్పేసరికి బండి నిండి ఉండాలి. నింపేది పార్ట్‌టైమ్ వాళ్లు. కార్మికుల్లో సగానికి పైగా వాళ్లే. పాత ఒప్పందం ప్రకారం కనీస రేటు గంటకి 15న్నర డాలర్లు. రేపటి డ్రైవర్లు చాలావరకు వీళ్లలోంచే రావాలి. సీనియారిటీ పెరిగి వంతు వచ్చేసరికి ఏళ్లు గడుస్తాయి. అందాకా ఎవరాగుతారు?

కొవిడ్ రోజుల్లో మనుషులు దొరకలేదు. కంపెనీ కొన్ని ఊళ్లలో ఒప్పందాన్ని మించి రేటు పెంచింది. దానికి 'మార్కెట్ రేట్ అడ్జస్ట్‌మెంట్' అని పేరు. బయట కూలి పెరిగితే పెంచొచ్చు, అవసరం తీరాక తీసేయొచ్చు. 2022లో కొన్నిచోట్ల తీసేసింది కూడా. పెంచినన్నాళ్లూ ఏళ్ల తరబడి నడుం వంచినవాడూ నిన్న చేరినవాడూ ఒకే బెల్టు దగ్గర ఒకే రేటు. తీసేశాక ఇద్దరికీ కోతే. కొత్తవాణ్ణి పిలవడానికి పెట్టిన డబ్బు పాతవాణ్ణి పొమ్మనలేక పొగబెట్టినట్టయింది. జూలై 5న బల్ల దగ్గర రాజుకున్నది ఆ పొగే.

మూడు వారాలు మాటల్లేవు. గేట్ల ముందు కార్మికులు అట్టలు పట్టుకుని ఉత్తుత్తి సమ్మె చేశారు. అసలుది ఎలా ఉంటుందో కంపెనీకి తెలుసు. 1997 ఆగస్టులో 1 లక్షా 85 వేల మంది 15 రోజులు బండ్లు ఆపేశారు. అప్పుడూ తగువు పార్ట్‌టైమ్ కొలువుల మీదే. ఈసారి ఖాతాదారులు సమ్మె దాకా ఆగలేదు. రోజుకి సుమారు 10 లక్షల పార్సిళ్లు పోటీ కంపెనీలకి మళ్లాయి. గడువు ఇంకా వారం ఉంది.

జూలై 25, మంగళవారం. ఫీనిక్స్‌లో వరసగా 26వ రోజు ఎండ 43 డిగ్రీలు దాటింది. వాషింగ్టన్‌లో అదే బల్ల దగ్గర మళ్లీ కూర్చున్నారు. ఈసారి రాత్రి దాకా లాగలేదు. ఆ రోజే ఒప్పందం కుదిరింది. పార్ట్‌టైమ్ కనీస రేటు గంటకి 21 డాలర్లు. పాతవాళ్లకి అంతకు మించి. డ్రైవర్లకి ఐదేళ్లలో గంటకి ఏడున్నర డాలర్ల పెంపు.

ఆగస్టు 8న సీఈవో కరోల్ టోమే నోట ఒక అంకె వచ్చింది. ఒప్పందం ముగిసేనాటికి ఫుల్‌టైమ్ డ్రైవర్‌కి ఏడాదికి సగటున 1 లక్షా 70 వేల డాలర్లు. అది చేతికొచ్చే జీతం కాదు, వైద్యం, పెన్షన్ లాంటివన్నీ కలిపిన లెక్క. ఆ తోక చాలామంది చదవలేదు. ఉద్యోగాల వెబ్‌సైట్ ఇండీడ్‌లో ఆ కంపెనీ పేరు వెతికేవాళ్లు వారంలో 50 శాతానికి పైగా పెరిగారు. ఆగస్టు 22న ఓట్లు లెక్కపెట్టారు. 86.3 శాతం సరేనన్నారు. సమ్మె తప్పింది.

2025 వచ్చింది. అతి పెద్ద ఖాతాదారైన అమెజాన్ పార్సిళ్లను సగానికి పైగా వదులుకోవాలని కంపెనీ తనే నిర్ణయించుకుంది. భవనాలు మూయడం మొదలెట్టింది. ఆ జూలైలో డ్రైవర్లకి ఇంకో బేరం పెట్టింది. స్వచ్ఛందంగా మానేస్తే పనిచేసిన ప్రతి ఏడాదికీ 1,800 డాలర్లు. ఇది ఒప్పందాన్ని తుంగలో తొక్కడమేనని యూనియన్ మండిపడింది.

ఆ ఒప్పందం గడువు 2028 జూలై 31.